పిడుగుపాటు పద్యం: టీకా తాత్పర్య సహితం

మూలం

పొద్దు పొడవకుండ పోటెత్తి పరుగెత్తి
వంగి లేచి లేచి వంగి లేచి
ఈల వేయగానె యెవడైన నిలవాలి
పీటివారి మాట పిడుగుపాటు

అవతారిక. తమిళనాడులోని ధర్మపురి జిల్లా పెన్నాగరంలో హొగెనకల్ బస్సు కోసం నిలబడ్డ ఇద్దరు నడివయసు తెలుగువాళ్ళు కలిశారంటే మొదటి మాట వాన గురించి, రెండోది చింతపండు ధర గురించి, మూడోది బడిలో తమకు పీటీ నేర్పిన వాద్యారి గురించి. ఆ వెంటనే నాలుగోది వచ్చి తీరుతుంది: "ఏమన్నా, ఇప్పటి బిడ్డలకు నడుము వంగుతుందా?" ఈ నాలుగో మాటకు ప్రమాణంగా పనికొస్తుందని పై పద్యం కట్టాము. తన పద్యానికి తానే టీక రాసుకోవడం మర్యాద కాదని వ్యాఖ్యాతకు తెలుసు. వేరెవరూ రాయరని కూడా తెలుసు.

ఛందస్సు ఆటవెలది. మూలంలో లేనిది ఒక్క ముక్క కూడా రాయనని టీకాకారుడు మల్లినాథసూరి పట్టు పట్టాడు. మాకు అంత నిష్ఠ లేదు. మూలంలో ఉన్నదే కాస్త అనుమానం.

ప్రతిపదార్థం. పొద్దు పొడవకుండ = సూర్యుడు లేవకముందే. ఇక్కడ పూర్వపక్షి అడ్డు తగులుతాడు: పీటీ పీరియడు మధ్యాహ్నం ఆఖరిది గదా, తెల్లవారుజాము ఎక్కడినుంచి వచ్చింది? అడగవలసిన ప్రశ్నే. ఆటల పోటీలు దగ్గరపడ్డప్పుడు, అదీ జట్టులో ఉన్నవాళ్ళను మాత్రమే, చీకటితో లేపి పరుగెత్తించేవారు. మిగతావాళ్ళంతా ఆ వేళ ముసుగు తన్ని పడుకున్నవాళ్ళే. కాబట్టి ఇది అతిశయోక్తి అలంకారం. నలభై దాటినవాళ్ళ జ్ఞాపకాలన్నీ ఈ అలంకారంలోనే నడుస్తాయి. మైదానం చుట్టూ వేసిన నాలుగు చుట్లు పెళ్ళినాటికి పది అవుతాయి, కూతురి పెళ్ళినాటికి ఇరవై అవుతాయి.

పోటెత్తి = ఆడి నెలలో హొగెనకల్ దగ్గర కావేరి పొంగినట్టు పొంగి. గంట కొట్టగానే తరగతులన్నీ మైదానం మీద పడే తీరు ఇదే. పరుగెత్తి = పరుగెత్తి. దీనికి వ్యాఖ్య అక్కరలేదు, ఊపిరి కావాలి.

వంగి లేచి లేచి వంగి లేచి. పండితులు ఇక్కడ ఆగుతారు. పాదంలో వంగడాలు రెండు, లేవడాలు మూడు. రెండుసార్లే వంగినవాడు మూడుసార్లు లేవడం ఎలా సాధ్యం? గణాల కోసం కవి ఒక లేచిని పొదిగాడని కొందరనవచ్చు. సంప్రదాయం తెలిసినవాళ్ళు అలా అనరు. చెవులు పట్టుకుని తోప్పుకరణం, అంటే గుంజీలు, తీసేటప్పుడు వాద్యారు అటు తిరగ్గానే, వంగకుండానే అప్పుడే లేచినట్టు రొప్పుతూ నిలబడటం ఒక విద్య. రెండో లేచి ఆ దొంగ లేచి. పద్యంలో వాస్తవం ఎక్కడైనా ఉంటే ఇక్కడే ఉంది.

ఈల వేయగానె = ఈల మోగిన క్షణాన. ఇంట్లో తెలుగు, పాఠంలో తమిళం, కవాతులో ఇంగ్లీషు వినే బడిలో అందరికీ ఒకేసారి అర్థమయ్యేది ఈల ఒక్కటే. ఈ ఈల ఎక్కడిదంటే పటాలానిది. దొరల సైన్యం కవాతు బళ్ళలోకి దిగి డ్రిల్లయింది. హ్యారీ క్రో బక్ అనే అమెరికా ఆయన 1920లో మద్రాసులో వై.ఎం.సి.ఎ. వ్యాయామ విద్యా కళాశాల పెట్టి, కవాతు ఒక్కటే చాలదు ఆట కూడా కావాలన్నాడు. అంతకు ముందే మనవాడొకడు ఈ దారి తొక్కాడు. వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు సర్కసు పెట్టి, ఏనుగును ఎదమీదికి ఎక్కించుకుని పేరు పొందకముందు, సైదాపేటలో శిక్షణ తీసుకుని విజయనగరంలో బడిపిల్లలకు వ్యాయామం నేర్పిన అయ్యవారే. గొలుసులు తెంచే మనిషి డ్రిల్లు మాస్టరుగా ఎదురుగా నిలబడితే ఆ పిల్లలు దొంగ లేచి వేసి ఉంటారా అన్నది వ్యాఖ్యాతకు తీరని సందేహం.

పీటివారి మాట పిడుగుపాటు = పీటీ వాద్యారి ఆజ్ఞ పిడుగుతో సమానం. "పీటి మాస్టరన్న పిడుగు సుమ్మ" అని పాఠాంతరం చెప్పుకోవచ్చు. యతి రెంటికీ సరిపోతుంది, దెబ్బ కూడా సరిపోతుంది. పిడుగు ఎవరిమీద పడుతుందన్నది అసలు ప్రశ్న. మొదట వచ్చినవాడిమీద పడదు. ఆఖరున రొప్పుతూ వచ్చిన బొద్దువాడికే ఇంకో రెండు చుట్లు. అంటే పరుగు రానివాడికి శిక్ష కూడా పరుగే. వాడు ఆ వయసులో నేర్చుకున్నది ఒక్కటే, పరుగంటే అవమానమని. పెద్దయ్యాక వాడు మైదానం వైపు తిరిగి చూడలేదంటే తప్పు వాడిది కాదు. బస్టాండులో పీటీ వైభవం వర్ణించేవాళ్ళలో వాడు ఎప్పుడూ ఉండడు, గమనించండి.

విశేషం. పద్యం చెప్పని సంగతులు చెప్పినవాటి కంటే ఎక్కువ. ఆ కాలపు పిల్లల ఒంటికి గట్టిదనం వారానికి రెండు పీరియడ్ల వల్ల వచ్చిందా? కాదు. ఊరినుంచి బడికి నడక, బడినుంచి ఊరికి నడక, సెలవుల్లో వేరుశనగ చేలో పని, తోటలో నీళ్ళు చేదడం, సాయంత్రం మేకల వెంట గుట్ట ఎక్కడం, రాత్రికి రాగి సంగటి. ఒళ్ళంతా అదే తయారుచేసింది. పీటీ వాద్యారు దానికి భయం కలిపి, పేరు మాత్రం తాను కొట్టేశాడు.

అయితే నడుము వంగుతుందా అన్న ఆ నాలుగో మాట ఉత్త ముసలి గొణుగుడేనా అంటే, అదీ కాదు. మైలు పరుగులో ఇప్పటి పిల్లలు ముప్ఫై ఏళ్ళ కిందటి పిల్లల కంటే సుమారు 90 సెకన్లు వెనకబడ్డారని 2013లో ఆస్ట్రేలియా పరిశోధకులు అనేక దేశాల లెక్కలు కలిపి తేల్చారు. 11 నుంచి 17 ఏళ్ళవాళ్ళకు రోజుకు గంటసేపు ఒళ్ళు కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. ఆ సంస్థవాళ్ళే 2019లో ప్రకటించిన లెక్క ప్రకారం 2016లో ప్రపంచం మొత్తం మీద 81 శాతం మందికి ఆ గంట దొరకలేదు. మన దేశంలో సుమారు 74 శాతం మందికి. మనం కాస్త మేలుగా కనబడటానికి ఆ పరిశోధకులు ఊహించిన కారణాలు రెండు: మగపిల్లలకు క్రికెట్టు, ఆడపిల్లలకు ఇంటిపని. అంట్లు తోమడం, ఇల్లు ఊడ్వడం కూడా వ్యాయామం ఖాతాలో పడ్డాయన్న మాట. పాతకాలపు పీటీ పీరియడులో ఆడపిల్లలు చెట్టుకింద టెన్నికాయిటు రింగు విసురుకుంటూ నిలబడ్డవాళ్ళే. పిడుగు వాళ్ళమీద పడలేదు, మైదానమూ వాళ్ళకు దక్కలేదు. పద్యంలో "ఎవడైన" అని ఉంది, "ఎవతైన" అని లేదు.

ఈ ఏడుపు మనదొక్కటే కాదు. తమ పిల్లల్లో సగం మందికి పైగా సాధారణమైన దేహపరీక్షలో తప్పుతున్నారని, యూరపు పిల్లల్లో అలా తప్పేవాళ్ళు బాగా తక్కువని తెలిసి అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ 1956లో యువజన దారుఢ్యం కోసం ఒక మండలినే వేశాడు. ఇప్పుడు బస్టాండులో గొణుగుతున్న మనవాళ్ళు అప్పటికి ఇంకా పుట్టలేదు.

పెన్నాగరం చుట్టుపక్కల మారింది పిల్లల సత్తువ కాదు, వాళ్ళ రోజు. బడికి బస్సు వచ్చింది, పాసు ఉచితం. ప్లస్ వన్, అంటే పదకొండో తరగతి, చేరితే ప్రభుత్వం సైకిలిస్తుంది. ఇవన్నీ మంచివే, వద్దనేవాడు మూర్ఖుడు. కాని పోయిన నడక స్థానంలో ఏదీ రాలేదు. దానికి తోడు ఉన్న పీటీ పీరియడును పదో తరగతి రాగానే లెక్కలవారు అప్పుగా తీసుకున్నారు, సైన్సువారు వడ్డీగా తీసుకున్నారు. 2023లో తమిళనాడు క్రీడల మంత్రి ఉదయనిధి స్టాలిన్ అయ్యవార్లను బహిరంగంగా బతిమాలుకున్నారు: పీటీ పీరియడ్లు అప్పు అడగకండి, వీలైతే మీ పీరియడ్లే పీటీకి అప్పివ్వండి అని. మంత్రి బతిమాలుకోవలసి వచ్చిందంటే అప్పు ఎంత పేరుకుందో ఊహించుకోవచ్చు.

కొత్త పద్ధతిలో ఒక మేలు మాత్రం ఒప్పుకోవాలి. కేంద్ర ప్రభుత్వపు ఖేలో ఇండియా దేహపరీక్షలో తొమ్మిదేళ్ళు దాటిన ప్రతి బిడ్డనూ, ఆడైనా మగైనా, 600 మీటర్ల పరుగు, కూర్చుని కాళ్ళు చాపి వేళ్ళు అందుకోవడం లాంటివాటితో విడివిడిగా కొలుస్తారు. ఆఖరున వచ్చినవాడికీ ఒక అంకె ఉంటుంది, వచ్చే ఏడు దాన్ని దాటితే చాలు. అదనపు చుట్లు లేవు. కాని కొలతవల్ల కండ రాదు, ఈ అంకెకూ ఆ అంకెకూ మధ్య ఏడాది పొడుగునా మైదానం కావాలి.

తాత్పర్యం. పీటీ వాద్యారు గొప్పవాడే, పద్యంలో చెప్పినంత కాదు. ఇప్పటి పిల్లలు సోమరులు కారు, కదలడానికి చోటూ వేళా లేనివాళ్ళు. వెనక్కి రావలసింది పీరియడు, రాకూడనిది పిడుగు.

ఫలశ్రుతి. ఈ టీకను చదివిన తల్లిదండ్రులు ఈ వారమే బడికి వెళ్ళి తమ బిడ్డ తరగతి టైంటేబులు అడిగి చూడగలరు. అందులో పీటీ అని రాసి ఉన్న గంటలో నిజంగా ఏం జరుగుతోందో బిడ్డనే అడగగలరు. లెక్కల వాద్యార్లకు మా ప్రత్యేక మనవి: వడ్డీ మాఫీ, అసలు మాత్రం తిరిగి ఇచ్చేయండి.