తాతగారి తిండి బాబాయిగారు

గోదావరి జిల్లాల్లో ఏ ఊరికెళ్ళినా తెల్లారేసరికి ఒక బాబాయిగారు తగులుతారు. రాజమండ్రిలో పుష్కరాల రేవు మెట్ల మీద, భీమవరంలో కాలవగట్టున, అమలాపురంలో కాఫీ హోటలు అరుగు మీద. హోటలుకు వచ్చేది కాఫీ తాగడానికి కాదు, తాగేవాళ్ళని ఆపడానికి. రిటైరై నాలుగైదేళ్ళయి ఉంటుంది, షుగరొచ్చి అంతకు రెట్టింపయి ఉంటుంది. చేతిలో రాగి చెంబు, భుజాన గుడ్డసంచి, సంచిలో కిలో కొర్రలు. ‘‘మా తాత తొంభై రెండేళ్ళు బతికాడండీ, ఆయ్! మాత్ర మొహం ఎరగడు’’ అన్నది ఆయన సుప్రభాతం. గురుపరంపర కూడా చిన్నది కాదు. ఉప్పూ నూనే మానమన్న మంతెన సత్యనారాయణరాజు గారి మాట మీద కొన్నాళ్ళు చప్పిడి కూరలు తిన్నారు. అన్నం మాని కొబ్బరినూనె తీసుకోమన్న వీరమాచనేని రామకృష్ణ గారి మాట మీద ఇంకొన్నాళ్ళు నడిచారు. కొబ్బరినూనె అంటే తలకు రాసుకునేదని తప్ప ఎరగని కోనసీమ చుట్టాలు, అది గ్లాసులోకి రావడం చూసి నోళ్ళు తెరిచారు. చివరికి మైసూరు ఖాదర్ వలీ గారి సిరిధాన్యాల దగ్గర కుదురుకున్నారు. ఒకరు వద్దన్న నూనె ఇంకొకరు తాగమన్నా, ఒకరు మానమన్న గింజ ఇంకొకరు తినమన్నా ఆయనకు చిక్కేమీ లేదు. ‘‘మూడూ మన తాతల పద్ధతేనండీ’’ అని తేల్చేస్తారు.

ఈ బాబాయిని చూసి నవ్వడం తేలికే. ఆయన మాటల్లో ముప్పాతిక పాలు నిజం ఉండడం వల్లే చిక్కు. తెల్లబియ్యం తగ్గించమంటారు, ఆకుకూర తినమంటారు, పొట్లాల్లో వచ్చే చిరుతిళ్ళు పిల్లల చేతికివ్వద్దంటారు. ఏ డాక్టరూ వీటిని కాదనడు. పేచీ అంతా ఆయన తెచ్చే సాక్షితో, అంటే తాతగారితో. ఆ సాక్షిని అడగాల్సిన మొదటి ప్రశ్న: ఏ తాత? ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. అంతకు ముందు వాన కరుణిస్తే పంట, లేకుంటే కరువు. పేదవాడి ఇంట చోళ్ళూ గంటెలూ జొన్నలే దిక్కు. కాలవలొచ్చాక డెల్టా అంతా వరి అయింది. అంబలి తాగేవాడు అన్నం తింటే ఎదిగినట్టు లెక్క. బాబాయిగారి తాత ఆ కాలవల తరవాతి మనిషి. కొర్రన్నం వడ్డిస్తే విస్తరి ముందు నుంచి లేచిపోయి ఉండేవాడు. ఆ తరవాత రైస్ మిల్లులొచ్చాయి. రోకటిపోటు తగ్గింది, గింజ మల్లెపువ్వులా తెల్లబడింది, తవుడుతో పాటే బి1 విటమిన్ గేదెల కుడితిలోకి పోయింది. ఆ విటమిన్ లోటుతో వచ్చే బెరిబెరి జబ్బు మద్రాసు ప్రెసిడెన్సీలో ప్రధానంగా కనిపించింది ఉత్తర సర్కారు జిల్లాల్లోనే, అంటే మన తీరంలోనే. వడ్లు ఉడకబెట్టినప్పుడు ఆ విటమిన్ గింజలోకి ఇంకుతుంది కాబట్టి ఉప్పుడు బియ్యం తినే అరవదేశం వాళ్ళు చాలావరకు తప్పించుకున్నారు. ఆ జబ్బు సంగతి చూడడానికి 1918లో కూనూరులో డాక్టర్ మెకారిసన్ మొదలుపెట్టిన చిన్న పరిశోధన శాలే పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాదు తార్నాకకు వచ్చి, జాతీయ పోషకాహార సంస్థ అయింది. ‘‘ఆ తార్నాక వాళ్ళకేం తెలుసండీ’’ అని బాబాయిగారు తీసిపారేసేది వీళ్ళనే. పాలిష్ బియ్యం మీద ఆయనకంటే వందేళ్ళ ముందు కోపం తెచ్చుకున్నవాళ్ళు వాళ్ళు.

‘‘మరి మా తాత తొంభై రెండేళ్ళ సంగతేంటండీ?’’ అని ఆయన అడ్డుపడతారు. అడగాల్సిన మాటే. కానీ గోడమీద పటం ఎక్కేది తొంభై రెండేళ్ళు బతికిన తాత ఒక్కడే. ముప్పయ్యో ఏట పోయిన తాత తమ్ముళ్ళకు పటాలుండవు. స్వాతంత్ర్యం వచ్చేనాటికి ఈ దేశంలో సగటు ఆయుర్దాయం 32 ఏళ్ళ దగ్గర ఉంది. పురిట్లోనూ పసితనంలోనూ పోయిన పిల్లల వల్ల ఆ సగటు అంత పడిపోయిందనీ, పెద్దయినవాళ్ళు బాగానే బతికారనీ ఆయన అనొచ్చు. అందులో కొంత నిజముంది. అయితే పెద్దయినవాళ్ళనీ ఆ కాలం వదిలిపెట్టలేదు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి సోదరులిద్దరు స్ప్రూ అనే జీర్ణకోశ వ్యాధితో వయసులోనే పోయారు. ఆ జబ్బే ఆయనకొస్తే ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేదం నిలబెట్టింది. ఆ మనిషే అమెరికా వెళ్ళి, లెడర్లీ ప్రయోగశాలలో తన బృందంతో 1945 నాటికి ఫోలిక్ ఆమ్లం తయారుచేయించారు. స్ప్రూలో వచ్చే రక్తహీనతకు అది మందయింది. అదే విటమిన్ ఫోలేట్ రూపంలో ఆకుకూరల్లోనూ పప్పుల్లోనూ ఉంటుంది. పాత వైద్యమూ కొత్త వైద్యమూ ఒక భీమవరం వాడి ఒంట్లో సఖ్యంగా కాపురం చేశాయి. వాటికి విడాకులిప్పించే పని బాబాయిగారు నెత్తినేసుకున్నారు.

రెండో ప్రశ్న: తాతగారి ఏ రోజు తిండి? ఆయన మామూలు రోజు పొద్దున చద్దన్నం, ఉల్లిపాయ. మధ్యాహ్నం అన్నం, పప్పు, దొడ్లో తోటకూర, మజ్జిగ. ఈ రెండింటి మధ్య నాగలి వెనక నడక. గారెలూ అరిసెలూ సున్నుండలూ పండక్కే. బాబాయిగారు ఆ మామూలు రోజును గౌరవంగా దణ్ణం పెట్టి వదిలేసి, పండగ రోజును మాత్రం వారసత్వంగా పుచ్చుకున్నారు. పెళ్ళి పంక్తిలో చూడాలి ఆయన్ని. వడ్డించే కుర్రాణ్ణి ఆపి ‘‘ఒరేయ్ అబ్బాయ్, నూనె గానుగదేనా?’’ అంటారు. ‘‘గానుగదేనండి, ఆయ్’’ అని వాడు కళ్ళార్పకుండా చెబుతాడు. అక్కడితో విచారణ పూర్తి. పనసపొట్టు కూర రెండుసార్లు, ఆత్రేయపురం పూతరేకులు నాలుగు. ‘‘పంచదారవి ముట్టనండీ, ఇవి బెల్లంవి’’ అని పక్కవాళ్ళకు సంజాయిషీ. పోషకాహార శాస్త్రవేత్త సి. గోపాలన్ గారి బృందం కూర్చిన పోషక విలువల పట్టిక తీస్తే నూరు గ్రాముల పంచదారకు 398 కేలరీలు, బెల్లానికి 383. బియ్యానికి 345, కొర్రలకు 331. గింజల మధ్య తేడా లేదని కాదు. కొర్రల్లో పీచు ఎక్కువ, చోళ్ళలో నూరు గ్రాములకు 344 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది, బియ్యం దాని దరిదాపులకు రాదు. కానీ మంచిది కదా అని కొర్రన్నం మారు వడ్డించుకుని నెయ్యి పారిస్తే, ఆ 14 కేలరీల పొదుపు మొదటి ముద్దతోనే సరి. ఇంట్లోకి రుబ్బురోలు కూడా వచ్చింది. కొన్నది ఆయన, దాని మహిమ మీద ఉపన్యాసం ఆయనది, రుబ్బేది పిన్నిగారు. తాతల ఆరోగ్యంలో నాయనమ్మల రెక్కల వాటా ఎంతో ఆయన ఎన్నడూ లెక్క కట్టలేదు. ఆవిడ మాత్రం కట్టి, భుజం నొప్పికి ఇంగ్లీషు మందుల షాపులో బిళ్ళలు తెచ్చుకుంటున్నారు.

బాబాయిగారి దగ్గర ఒక గట్టి బాణం ఉంది: ‘‘డాక్టర్లు పూటకో మాట మారుస్తారండీ.’’ దీన్ని దులిపేసుకోవడం కుదరదు. నెయ్యి మాని డాల్డా వాడుకున్న తరం ఒకటుంది; అలాంటి వనస్పతిలోని ట్రాన్స్ కొవ్వు గుండెకు చేటని తేలి, 2022 జనవరి నుంచి నూనెల్లోనూ కొవ్వుల్లోనూ అది 2 శాతం దాటకూడదని మన ప్రభుత్వమే కట్టడి చేసింది. గుడ్డులో పచ్చసొన పారేయమన్నవాళ్ళు తరవాత మెత్తబడ్డారు. అయితే డాల్డా దోషం పట్టింది ఎవరి తాతగారూ కాదు, ఆ మాట మార్చే శాస్త్రమే. ఆ మాటకొస్తే బాబాయిగారూ తాత నుంచి అన్నీ తీసుకోలేదు. తాత రోజుకు నాలుగు చుట్టలు కాల్చేవాడు. ఆ సంప్రదాయాన్ని ఈయన ఎందుకు కాపాడలేదు? డాక్టరు వద్దన్నాడు కాబట్టి. అంటే తాత తిండిలో మంచేదో చెడ్డేదో ఏరడానికి జల్లెడ డాక్టరు దగ్గరే అరువు తెచ్చుకున్నారు; ఆ అరువు ఒప్పుకోవడమే ఆయనకు నామోషీ.

‘‘జబ్బులన్నీ ఈ పిజ్జాలతో వచ్చాయండీ’’ అన్నది ఆఖరి వాదం. 2003-04 ప్రాంతంలో ఉభయగోదావరి జిల్లాల్లోని 45 పల్లెల్లో ఏడాది పాటు మరణాలన్నిటికీ కారణాలు పరిశోధకులు ఆరా తీశారు. ఆ 1,354 మరణాల్లో 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బులవి. అంటురోగాలు వాటికి చాలా వెనకబడ్డాయి. అదే పరిశోధనలో భాగంగా ముప్పయ్యేళ్ళు దాటినవాళ్ళని పరీక్షిస్తే నూటికి 13 మందికి షుగరుంది. అప్పటికి ఆ పల్లెల్లో పిజ్జా ఎక్కడిది? ఇంట్లో వండిన తెల్లన్నమూ ఆవకాయా ఉన్నాయి, చుట్టా బీడీ ఉన్నాయి, పొలం పనిలో కొంత ట్రాక్టరు పట్టుకుపోయింది. తిండి మనదే అయినంత మాత్రాన ఒంటికి సరిపోయినట్టు కాదు. కొర్రలకు మారాక బాబాయిగారు నాలుగు కిలోలు తగ్గిన మాట నిజం. ఆ నియమంతో పాటు సాయంత్రం బజ్జీలూ మూడుపూటల అన్నం గుట్టా కూడా మానేశారు. ఫలం మానిన వాటిది, పేరు మాత్రం కొర్రలు కొట్టేశాయి.

జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనలు ఆయన ఒకసారి చదివితే ఈ తగువు సగం తీరుతుంది. పళ్ళెంలో సగం కూరలూ ఆకుకూరలూ దుంపలూ పళ్ళూ ఉండాలి. ధాన్యం నుంచి వచ్చే శక్తి మొత్తంలో 45 శాతం దాటకూడదు. ఉప్పు రోజుకు 5 గ్రాములకు మించకూడదు. అన్నం గుట్ట కొంత కరిగించి, తోటకూర కొంత పెంచి, ఆవకాయ మీద చెయ్యి కాస్త బిగబట్టుకుంటే తాతగారి మామూలు రోజు భోజనానికీ దీనికీ పెద్ద తేడా ఉండదు. కాబట్టి బాబాయిగారూ, దంపుడు బియ్యం మానకండి, కొర్రలూ మానకండి, కాకపోతే కొలత చూసుకోండి. రోలు దగ్గర మీ వంతు మీరు రుబ్బండి, తాతగారు చేసిన వ్యాయామమూ కొంత కలిసొస్తుంది. షుగరు బిళ్ళ మాత్రం మీ అంతట మీరు ఆపకండి. ఆపాలో వద్దో రక్తపరీక్ష చూసిన డాక్టరే చెప్పాలి.