పేరు రాసుకోండి

సెప్టెంబరు ఆఖరి శనివారం. పొద్దున్న ఏడు కాకముందే ఆ కొట్టు ముందు నలభై మంది వరసలో నిలబడి ఉన్నారు. అద్దం మీద పెద్ద కాగితం అంటించి ఉంది. కొట్టు మూసేస్తున్నాం, అన్నీ సగం ధరకే, ఈ రోజే ఆఖరు అని.

మేముండేది ఇంగ్లండులో, లాంకషైర్‌లోని ఒక చిన్న ఊళ్లో. ఆ కొట్టులో అమ్మేవి రైలు నమూనాలు. పిల్లలు ఆడుకునే బొమ్మలు కావవి. అసలు ఇంజనును 76వ వంతుకి తగ్గించి, రివెట్లతో సహా దింపిన పనితనం. వీటి మీద ప్రాణం పెట్టే పెద్దవాళ్లు ఈ దేశంలో ఊరూరా ఉన్నారు. మా ఊళ్లో వాళ్లలో నేనొకణ్ణి.

మా నాన్నగారు మంకీ క్యాప్, స్వెటర్ వేసుకుని నా పక్కనే నిలబడ్డారు. ఆయన బెజవాడలో టీటీఈగా పనిచేసి 2005లో రిటైరయ్యారు. నాకీ పిచ్చి పట్టించింది ఆయనే. చిన్నప్పుడు ఆదివారాలు నన్ను ప్లాట్‌ఫారం మీదికి తీసుకెళ్లేవారు. ముక్కు మీద వెండి నక్షత్రంతో డబ్ల్యూపీ ఇంజను ఆవిరి కక్కుతూ వచ్చి ఆగేది. దాని చక్రం నాకంటే ఎత్తు. ఆ రోజుల్లో కీ ఇస్తే తిరిగే రైలు బొమ్మ కొనడానికి కూడా ఇంట్లో డబ్బుండేది కాదు. ఇక్కడికొచ్చి ఉద్యోగంలో కుదురుకున్నాక మొట్టమొదట కొన్నది ఆకుపచ్చ రంగు ఫ్లయింగ్ స్కాట్స్‌మన్. డాంకాస్టర్ వర్క్‌షాపులో 1923లో పుట్టిన ఇంజనుకి నమూనా. ఈ కొట్టులోనే, అడిగిన ధర అడిగినట్టు ఇచ్చి కొన్నాను. ఆ రాత్రి దాన్ని దిండు పక్కన పెట్టుకుని పడుకున్నాను.

దాన్నే ముందు రోజు నాన్నగారికి చూపించాను. అరచేతిలో పెట్టుకుని ఎదురుగా చూసి, "ఒరేయ్, బండి లావుగా ఉంది, చక్రాలు దగ్గర దగ్గరగా ఉన్నాయేమిట్రా?" అన్నారు. రైల్వే మనిషి కన్ను. నిజంగానే దగ్గరగా ఉన్నాయి. ఐరోపాలో తక్కిన దేశాలవాళ్లు 87వ వంతుకి చేసుకుంటారు. బ్రిటిష్ ఇంజన్లు అసలే చిన్నవి కావడంతో, ఆ లెక్కన చేస్తే ఆనాటి మోటారు వాటి పొట్టలో పట్టలేదు. అందుకని పట్టాల మధ్య 16.5 మిల్లీమీటర్లు అలాగే ఉంచి, ఒళ్లు మాత్రం 76వ వంతుకి పెంచారు. లెక్క ప్రకారమైతే పట్టాల మధ్య దాదాపు 19 మిల్లీమీటర్లు ఉండాలి. ఆ సర్దుబాటే ఇక్కడ ఆనవాయితీ అయిపోయింది.

ఈ ప్రాంతానికీ ఈ సరదాకీ పాత చుట్టరికం ఉంది. లోహపు ముక్కలు బిగించి ఆడుకునే మెకానోకి 1901లో పేటెంటు తీసుకున్న ఫ్రాంక్ హార్న్‌బీ లివర్‌పూల్ మనిషి. 1920లో హార్న్‌బీ రైళ్లు వచ్చాయి. 1938లో వచ్చిన హార్న్‌బీ డబ్లోతో ఈ చిన్న సైజు రైలు ఇళ్లల్లోకి చేరింది. మా ఊరి కొట్టు అంత పాతది కాదు గానీ, ఆ పరంపరలోదే. దాన్ని నడిపే పెద్దాయనకి డెబ్బై దాటాయి. చెవి వెనక ఎప్పుడూ ఒక పెన్సిలుండేది.

ఆయన కౌంటరు మీద గజం పొడవున పట్టా బిగించి ఉండేది. ఎవరు ఏ ఇంజను అడిగినా డబ్బా తెరిచి, స్పాంజిలోంచి రెండు వేళ్లతో ఎత్తి, పట్టా మీద ఒక్కొక్క చక్రమే ఆనేలా పెట్టేవాడు. తర్వాత కంట్రోలర్ పిడి మెల్లగా తిప్పేవాడు. ఇంజను నత్త నడక నడవాలి. నడుస్తుంటే చక్రాల్ని కలిపే సైడ్ రాడ్లు ఎక్కడా పట్టెయ్యకుండా పైకీ కిందికీ ఆడాలి. ఆయన ఇంజను వైపు చూసేవాడు కాదు, చెవి దగ్గర పెట్టి వినేవాడు. మోటారు చప్పుడులో ఏ మాత్రం గరగర ఉన్నా, "ఇది వద్దు మిస్టర్ రావు, ఇంకొకటి తీస్తాను" అనేవాడు. నేను ఇంకెక్కడో కొన్న ఇంజనుకి బఫర్ ఊడిపోతే, పట్టకారుతో పట్టి చుక్క జిగురు పెట్టి అతికించి ఇచ్చాడు. ఎంతివ్వాలంటే చెయ్యి ఊపేశాడు.

ఈ వ్యాపారం తీరు వేరు. కంపెనీలు కొత్త నమూనాని ఏడాదీ రెండేళ్ల ముందే ప్రకటిస్తాయి. అది చైనాలో ఒక విడతగా తయారవుతుంది. ఆ విడత అయిపోతే మళ్లీ ఎప్పుడు చేస్తారో ఎవరూ చెప్పలేరు. అందుకని కొట్టువాళ్లు ఎన్ని కావాలో ముందే చెప్పి పెట్టుకోవాలి. వాళ్లకుండే ఆధారం మాలాంటి వాళ్ల నోటిమాటే. బొమ్మ కాగితం మీద చూసి మనసు పడి, "నా పేరు రాసుకోండి" అంటాం. పెద్దాయన చెవి మీది పెన్సిలు తీసి రాసుకునేవాడు. అడ్వాన్సు అడిగేవాడు కాదు. ఆ పేర్లు లెక్కపెట్టుకుని, తన డబ్బుతో సరుకు తెప్పించేవాడు.

నేను ఒకే ఇంజనుకి మూడు కొట్లలో పేరిచ్చేవాణ్ణి. ఎక్కడ ముందొస్తే అక్కడ, ఎక్కడ తగ్గితే అక్కడ అని. అలా ఇవ్వడం తప్పని నాకెవరూ చెప్పలేదు, మా వాళ్లందరూ చేసే పనే. రెండేళ్లకి సరుకు వచ్చేది. పెద్దాయన ఫోను చేసేవాడు. "మిస్టర్ రావు, మీ బండి స్టేషనుకి వచ్చింది."

"సంతోషం. శనివారం వస్తాను."

ఫోను పెట్టాక ధర చూసుకునేవాణ్ణి. 180 పౌండ్లు. అందులో 30 పౌండ్లు వ్యాటే. ఆర్నెల్లు ఓపిక పడితే ఎక్కడో ఒకచోట క్లియరెన్స్ సేల్‌లో 120కి వస్తుందని అనుభవం చెబుతూనే ఉండేది. ఒకే ఇంజను నాలుగు రంగుల్లో వస్తుంది. రెండు రంగులు ఎగిరిపోతాయి, రెండు అరల్లో ఉండిపోతాయి. ఉండిపోయినవి దిగుతాయి. దిగేదాకా ఆగడమే నేర్పని మేమంతా నమ్మాం. ఈలోగా ఇంకో కొత్త ప్రకటన వచ్చేది, మనసు దాని మీదికి పోయేది, పాతది మరపున పడేది. పెద్దాయన ఏనాడూ రెండోసారి ఫోను చేసి అడగలేదు. కొట్టుకి వెళ్తే ఎప్పటిలాగే నవ్వుతూ పలకరించేవాడు. చిన్న రంగు సీసానో, పట్టా ముక్కనో కొనుక్కుని, కొత్తగా వచ్చిన ఇంజను పట్టా మీద నడిపించమని చూసి వచ్చేవాణ్ణి.

ఈ కొట్టు మూసిన ఏడాదే జనవరిలో హాటన్స్ మూసేస్తున్నట్టు ప్రకటన వచ్చింది. 1946లో లివర్‌పూల్‌లో మొదలైన కొట్టది. ఈ సరదా ఉన్నవాళ్లలో ఆ పేరు తెలియనివాడు లేడు. మా వాళ్లందరం ఇంట్లో మనిషి పోయినట్టు బాధపడ్డాం. ఆ సాయంత్రమే కూర్చుని, వాళ్ల సరుకు ఎంతకు దిగుతుందో లెక్కలూ వేసుకున్నాం. అంత పెద్ద మానే ఒరిగినప్పుడు మా ఊరి మొక్క గురించి ఆలోచించాల్సింది. ఎవరం ఆలోచించలేదు.

వరస కదలడం లేదు. చలికి చేతులు రుద్దుకుంటూ నాన్నగారు పాత కబుర్లలోకి వెళ్లారు.

"మా రోజుల్లో చార్టు పట్టుకుని బోగీ అంతా తిరుగుతుంటే, ఒక్కోచోట పేరుండేది గానీ మనిషుండేవాడు కాదురా. తర్వాత తెలిసేది, రెండు బళ్లకీ టిక్కెట్టు తీసుకుని ఏదో ఒకటి ఎక్కేవాళ్లని. ఓసారి తలుపు దగ్గర నిండు చూలాలు నేల మీద కూర్చుని ఉంది. లోపల బెర్తు ఖాళీ. తరవాతి స్టేషనులో ఎక్కుతాడేమోనని నేను ఇవ్వలేకపోయాను. ఖమ్మం దాటాక ఇచ్చాను. ఆ గంటన్నరా ఆవిడ మొహం చూడలేకపోయాననుకో."

"ఇప్పుడన్నీ కంప్యూటర్లో అయిపోతున్నాయి కదా నాన్నా" అన్నాను. నా కళ్లు తలుపు మీదే ఉన్నాయి.

తలుపు తెరిచారు. లోపల ఎప్పుడూ చూడనంత జనం. అయిదేళ్లలో ఒక్కసారి కూడా ఆ కొట్టులో కనపడని మొహాలు కూడా ఉన్నాయి. పట్టాలు కట్టలు కట్టలుగా, వ్యాగన్లు పది చొప్పున ఎత్తుకుపోతున్నారు. నేను తిన్నగా వెనక గదిలోకి వెళ్లాను. అక్కడ గోడవారగా ఒక బల్ల. దాని మీద ఇంజన్ల డబ్బాలు, సీలు విప్పనివి.

నా గుండె ఝల్లుమంది. గ్రేట్ వెస్టర్న్ ఆకుపచ్చలో పానియర్ ట్యాంకు ఇంజను. ఎల్ఎంఎస్ ముదురెరుపులో డచెస్. నల్లటి బ్లాక్ ఫైవ్. బ్రిటిష్ రైల్ నీలంలో క్లాస్ 37 డీజిల్, దాని పక్కనే క్లాస్ 08 షంటర్. ఎప్పుడెప్పుడో నేను మనసు పడినవన్నీ ఒక్కచోట పేర్చి ఉన్నాయి. నా అభిరుచి తెలిసినవాళ్లెవరో పనిగట్టుకుని తెప్పించినట్టున్నాయి. ఇంకెవరూ చెయ్యి వెయ్యకముందే ఏడు డబ్బాలు గుండెలకి హత్తుకున్నాను. అసలు ధరకైతే 1,200 పౌండ్ల పైమాట. ఇప్పుడు 610.

కౌంటరు దగ్గర పెద్దాయన అలసిపోయి ఉన్నాడు. గజం పట్టా విప్పేశారు. దాని మేకుల గుర్తులు చెక్క మీద ఇంకా ఉన్నాయి.

"చాలా బాధగా ఉంది. ఇక మేమంతా ఎక్కడికి వెళ్లాలి?" అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను.

ఆయన ఏడు డబ్బాల వైపూ చూశాడు, నా వైపు చూశాడు. "మంచివి ఎంచుకున్నారు మిస్టర్ రావు" అన్నాడు. మొదటి డబ్బా తీసుకుని పక్కకి తిప్పి, సొరుగులోంచి రబ్బరు తీసి చివర ఏదో చెరపడం మొదలుపెట్టాడు. ధర చెరుపుతున్నాడనుకున్నాను. నా వెనక పాతికమంది ఉన్నారు.

"ఉండనివ్వండి. జనం ఎదురుచూస్తున్నారు. ఇంటికెళ్లి నేను చూసుకుంటాను."

ఆయన చెయ్యి ఆగింది. "మీ ఇష్టం" అని రబ్బరు సొరుగులో పెట్టేశాడు. డబ్బాలన్నీ రెండు సంచుల్లో పొందిగ్గా సర్ది, నాన్నగారికి తల వంచి నమస్కారం చేశాడు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక డబ్బాలన్నీ బల్ల మీద పేర్చి, నాన్నగారికి ఒక్కొక్కదాని కథా చెబుతున్నాను. ఆయన కళ్లజోడు సవరించుకుని, డచెస్ డబ్బాని కిటికీ వెలుతురులోకి తిప్పారు.

"ఇదేమిట్రా, దీని చివర పెన్సిలుతో నీ పేరు రాసుంది?"

"ఏదీ?"

"మిస్టర్ రావు అని. ఈ ఊళ్లో రావు నువ్వే కదా." ఇంకొకటి తిప్పారు. ఇంకొకటి. "దీని మీదా ఉంది. దీని మీదా. ఇదిగో, దీని మీద సగం చెరిపేసి ఉంది. ఒరేయ్, ఏడింటి మీదా నీ పేరే!"

నా నోట మాట రాలేదు.

నాన్నగారి మొహం విప్పారింది. "ఎంత మంచివాడురా ఆయన! అంత జనంలో నీ కోసం విడిగా తీసిపెట్టాడన్నమాట. పేరు కింద ఇంకేదో కూడా రాశాడుండు." డబ్బాని కళ్లకి దగ్గరగా పెట్టుకుని, కూడబలుక్కుని చదివారు. "శనివారం వస్తారు."

డబ్బాని జాగ్రత్తగా బల్ల మీద పెట్టి, తృప్తిగా నా వైపు చూశారు.

"అన్నమాట ప్రకారం శనివారమే వెళ్లావు కదా. పాపం, ఎంత సంతోషించాడో!"