దంతధావన వాక్యానికి కదిరి టీక

మూలము: "వేపపుల్ల నమిలిన తాతలకు పంటి జబ్బు లేదు, బ్రష్షు పట్టిన మనుమలకే అన్నీ."

ఇది సభావాక్యం. సన్మానాల్లోనూ పెళ్లిపందిళ్లలోనూ ఎక్కువగా వినబడుతుంది. మైకు పట్టినవాడల్లా దీనికి కర్తే. కర్త ఇంటి స్నానాలగదిలో, గ్లాసులో నిలబెట్టిన నాలుగు బ్రష్షులు దీనికి పాఠాంతరం.

ప్రతిపదార్థము: వేప = యాప (కదిరి పాఠము); పుల్ల = పుల్లయే; తాతలకు = పండ్లన్నీ ఊడినవారికి, కావుననే పంటి జబ్బు లేనివారికి. తక్కినవి స్పష్టములు.

టీక: 'వేప' అనడం కదిరిలో చెల్లదు. ఆయుర్వేదంలో సుశ్రుతుడు పంటిపుల్లల్లో చేదుకు వేపను, తీపికి ఇప్పను, కారానికి కానుగను, వగరుకు ఖదిరాన్ని మేలన్నాడు. ఖదిరమంటే చండ్ర. నరసింహస్వామి ఆ మాను కింద వెలిశాడని స్థలపురాణం. ఊరి పేరూ అందులోనుంచే. ఊరి పేరులోనే పంటిపుల్లను పెట్టుకుని యాపను పొగడడమంటే, కదిరి మల్లెలు పెరట్లో పూస్తుండగా పొరుగూరి సంతలో పూలు బేరమాడటమే. వాగ్భటుడు జిల్లేడు, చండ్ర, కానుగ, మద్దితో పాటు మర్రినీ చెప్పాడు. మర్రి అన్నాక గూటిబయలు తిమ్మమ్మ మర్రిమాను తలపుకు రాక మానదు. ఊడలు దిగి అయిదెకరాల దాకా పరుచుకుని, 1989లో గిన్నిస్ పుస్తకానికెక్కిన ఆ మాను ఎన్ని పుల్లలిస్తుందో లెక్కగట్టడం పాపం. పుల్ల పొడవు పన్నెండు అంగుళాలు, లావు చిటికెనవేలంత. ఇక్కడ అంగుళమంటే వేలి వెడల్పు, స్కేలు మీది గీత కాదు; తెలియనివాడు అడుగు పొడవు కట్టె నోట్లో పెట్టుకుంటాడు. కొస నమిలి కుంచె చేసి, చిగుళ్లు నొవ్వకుండా తోమాలి. దవడపండ్ల లోపలివైపు మాత్రం పుల్ల తిరగడం కష్టం.

ప్రకృతము బ్రష్షు. 1780 ప్రాంతంలో ఇంగ్లండులో విలియం ఆడిస్ ఎముక పిడికి జంతువుల వెంట్రుకలు గుచ్చి అమ్మాడు. వెంట్రుకలున్నంతకాలం ఆచారవంతులకు ఒక వాదం మిగిలింది. 1938లో నైలాను వచ్చి దాన్నీ ఊడబెరికింది. అటు పుల్లకూ పరువు పోలేదు: దాని వాడకం ఉన్నచోట ప్రోత్సహించవచ్చని 1986లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది.

'మనుమలకే అన్నీ' అన్నచోట మూలకర్త తెలియక నిజం పలికాడు. తాతలు దిగుడుబావి నీళ్లు తాగారు. వానల్లేక మనుమల కాలానికి బోరు వందల అడుగులు దిగింది. లోతున గ్రానైటు సందుల్లో చాలాకాలం నిలిచిన నీటిలోకి రాతిలోని ఫ్లోరైడు దిగుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు, చిగుళ్ల కింద పండ్లు తయారయ్యే వయసులో, అంటే ఎనిమిదేళ్ల లోపు తాగితే, పన్ను మచ్చలతోనే మొలవవచ్చు; మొలిచాక ఆ మచ్చలు గోధుమరంగుకు తిరగవచ్చు. అది పాచి కాదు. యాపకూ చండ్రకూ నైలానుకూ పోదు. బడిలో ఫొటో తీసేటప్పుడు ఆ మచ్చలున్న పిల్ల పెదవులు బిగించి నవ్వుతుంది. పండ్లు తోముకోలేదని అయ్యవారు తిట్టేదీ ఆ పిల్లనే.

తాత్పర్యము: మూలంలో 'నీళ్లు' అనే మాట లేదు. వక్త ముందు బల్ల మీద మాత్రం సీలు తీయని నీళ్ల బాటిలు ఉంటుంది.