బస్సుకు దారిస్తే మేమెటు పోవాలె?

బల్కంపేటలో మా ఇంటి ముందరి రోడ్డు ప్రభుత్వానిది. ఆ మాట నేనెన్నడూ కాదనలేదు. కాకపోతే అందులో ఒక బారెడు మా ర్యాంపుది, ఇంకో రెండు బారలు మా కారుది. ఆ పైన మా షట్టరు కిరాయికి తీసుకున్న కర్రీ పాయింటు వాడి స్టీలు టేబులు ఎంతవరకు జరిగితే అంతవరకు వాడిది. మిగిలింది ప్రజలది. ఈ ఏర్పాటు ఎవరి సంతకమూ అక్కర్లేకుండా ఏళ్లుగా చల్లగా నడుస్తున్నది. ఇప్పుడు దీన్ని చెడగొట్టే మాట ఒకటి చాయ్ హోటల్ దాకా వచ్చింది. గ్రీన్‌ల్యాండ్స్ దిక్కు నుంచి మా బల్కంపేట మీదుగా ఫతేనగర్ ఫ్లైఓవర్ దాకా, రోడ్డు నడుమ బస్సులకు మాత్రమే ప్రత్యేకంగా దారి వేస్తారట!

ఏ ఆఫీసులో పుట్టిందో, ఎవరు మోసుకొచ్చారో తెలియదు. ఉత్త పుకారే కావచ్చు. "పుకారు మీద కూడా అభ్యంతరం రాస్తారా?" అని మా ఆవిడ అడిగింది. ప్లాను వచ్చినాక పోతే గడువు దాటిందంటారు. ప్లాను రాకముందు పోతే ఇంకా ఏమీ అనుకోలేదంటారు. రెండు అవమానాల్లో రెండోదే కొంత మర్యాదగా ఉంటుంది. అందుకని ముందే రాస్తున్నాను.

మొదట మా హోదా సంగతి. మాది ఊరు. నగరమే మా మీదికి వచ్చింది తప్ప మేమెవ్వరం నగరంలోకి పోలేదు. ఇంటి పన్ను నోటీసు వచ్చిననాడు మేం గ్రామస్థులం. నల్లా రాని నాడు నగర పౌరులం. రెండు హోదాలూ మావే, ఏది ఎప్పుడు వాడాలో కూడా మాకు తెలుసు. బస్సుదారి విషయంలో మేం గ్రామస్థులం.

ఇక దారుల సంగతి. దారులివ్వడంలో మా అంత ధర్మాత్ములు ఈ నగరంలో లేరు. 2003లో ఎంఎంటీఎస్ రైలు వచ్చింది. ఇటు నేచర్ క్యూర్ హాస్పిటల్ స్టేషను, అటు ఫతేనగర్ స్టేషను. 2017 నవంబరు చివర్లో మెట్రో మొదలై, ఒక దిక్కు నాగోలు నుంచి, ఇంకో దిక్కు మియాపూర్ నుంచి అమీర్‌పేటకు వచ్చి కలిసింది. మరుసటి ఏడు ఎల్బీనగర్ దాకా, ఆ పై ఏడు హైటెక్ సిటీ దాకా సాగింది. అంటే నగరంలో సగం మంది మా పొరుగున దిగి, మెట్లెక్కి, ఇంకో రైలు పట్టుకుని పోతారు. మైత్రీవనం దగ్గర కంప్యూటర్ కోర్సులకు వచ్చే పిల్లలు కూడా నేర్చుకునేది ఇక్కడ, పోయేది అమెరికాకు. అందరూ ఎక్కడికో పోవడానికే వచ్చే చోటు మాది. ఇన్ని దారులిచ్చి మేం పోగొట్టుకున్నది ఒక్కటే, ఎదుటి ఫుట్‌పాత్ మీదికి పోయే దారి.

ఇది నా మొదటి అభ్యంతరం. దీన్ని ముందు రాయడానికి కారణముంది. తర్వాతివి చదివేసరికి అధికారి గారి ఓపిక అయిపోవచ్చు. కూడళ్లు మూసేసి యూటర్న్‌లు పెట్టే పద్ధతి వచ్చినప్పటి నుంచి, కంటికి కనిపించే మందుల షాపుకు బండి మీద చాలా దూరం పోయి తిరిగి రావాలి. నడిచి దాటుదామంటే వచ్చే బండిని చూస్తే చాలదు, రాంగ్ రూట్లో రాకూడని బండిని కూడా చూడాలి. ఇప్పుడు నడుమ బస్సుదారి వేస్తే దానికి రెండు పక్కలా దిమ్మెలు, దిమ్మెల మీద కంచె. బస్టాపు రోడ్డు మధ్యలో. బస్సు ఎక్కాలంటే సగం రోడ్డు దాటాలి, దిగి ఇంటికి రావాలంటే మిగతా సగం దాటాలి. బస్సు ఎంత వేగంగా పోతుందో లెక్క కట్టే ఇంజనీర్లు, బస్సు దాకా మనిషి ప్రాణాలతో ఎట్లా చేరాలో కూడా ఆ కాగితం మీదనే రాయాలని కోరుతున్నాను.

రెండోది ఎత్తుపల్లాల సంగతి. మా ఎల్లమ్మ తల్లి నేలమట్టానికి పది అడుగుల లోతున, బావిలో వెలసింది. బావి తవ్వుతున్న రైతుకు కనబడిందని, ఎంతమంది పట్టినా కదల్లేదని, అందుకే అక్కడే గుడి కట్టారని పెద్దలు చెప్తారు. అది తల్లి మహిమ. మా లోతుకు ఏ మహిమా లేదు. పాత రోడ్డు తవ్వకుండా దాని మీద ఇంకో పొర, ఆ పొర మీద ఇంకో పొర వేస్తూ పోయారు. మెట్లెక్కి పోయిన ఇంటికి ఇప్పుడు మెట్టు దిగి పోతున్నాం. బస్సుదారికి మళ్లీ సిమెంటు పోస్తారు. ఈ లెక్కన మనవల కాలానికి మేం కూడా అమ్మవారి మట్టానికి చేరుకుంటాం. కాకపోతే మా దర్శనానికి వాననీళ్లు తప్ప ఎవరూ రారు.

నేను గుడ్డిగా అడ్డం పడే మనిషిని కాను. నాలుగు చోట్ల విచారించే రాస్తున్నాను. బదిలీ మీద విశాఖపట్నం పోయిన మా తోడల్లుడు అడవివరంలో స్థిరపడ్డాడు. కేంద్రం జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం అనే నగరాభివృద్ధి పథకం కింద ఇచ్చిన డబ్బుతో అక్కడ రెండు బస్సుదారులు తలపెట్టారు. ఒకటి పెందుర్తి దారి, రెండోది సింహాచలం దారి. రెండూ కలిపితే నలభై కిలోమీటర్ల పైమాట. రెండోది కొండ కిందనున్న అడవివరం మీదుగా పోవాలి. వెడల్పు చేద్దామంటే ఇళ్లు అడ్డం, ఇళ్ల వెనక నేల తగవు అడ్డం. అడవివరం, వేపగుంట, పురుషోత్తపురం, చీమలాపల్లి, వెంకటాపురం - పంచగ్రామాలని పిలిచే ఈ ఊళ్లలో నేల సింహాచలం దేవస్థానానిదా, ఇల్లు కట్టుకున్నవాడిదా అన్న పేచీ దశాబ్దాల నాటిది. "అన్నా, దేవుడికీ ఇల్లుగలాయనకూ మధ్యనే ఇంకా తెగలేదు, బస్సు వచ్చి మూడో పార్టీ అయింది" అన్నాడు మా తోడల్లుడు. సింహాద్రి అప్పన్న అక్షయ తృతీయ నాడు, ఏడాదికొక్కసారే నిజరూప దర్శనమిస్తాడు. అడవివరం దగ్గర బస్సుదారి నిజరూపం కోసం జనం అంతకన్నా చాలా ఎక్కువ కాలం కాచుకున్నారు.

విజయవాడలో ఈ చిక్కు లేదు. అక్కడ దారి పూర్తయింది, బస్సులే కుదురుకోలేదు. బస్సుదారిని ఇంగ్లీషులో పిలిచే బీఆర్టీఎస్ రోడ్డన్న పేరు మాత్రం చిరునామాల్లో కుదురుకుంది. ఆ పేరు చెప్తే ఆటో అతను నేరుగా తీసుకుపోతాడు. బస్సులకని విడిచిన నడిమి దారిలో పొద్దున నడకకు వచ్చేవాళ్లు నడుస్తారు, కార్లు ఆపుకునేవాళ్లు ఆపుకుంటారు. ఇది విన్నాక నా మనసు కొంత కుదుటపడింది. మా రోడ్డుకు కూడా ఇదే గతి పడితే నా కారుకు దిమ్మెలు, కంచెతో సహా పక్కా స్థలం దొరుకుతుంది.

ఢిల్లీ కథ ఇంకా ధైర్యమిస్తుంది. అంబేడ్కర్ నగర్ నుంచి మూల్‌చంద్ దాకా 5.8 కిలోమీటర్ల బస్సుదారి 2008లో మొదలైంది. మా దారి మీకెందుకని కార్లవాళ్లు మండిపడ్డారు. దాన్ని ఎత్తేయాలని హైకోర్టులో పిటిషన్ పడితే 2012లో కోర్టు కొట్టేసింది. కోర్టులో గెలిచిన దారి రోడ్డు మీద ఓడిపోయింది. 2016లో దాన్ని కూలగొట్టారు. ఇంగ్లండులోనూ అభ్యంతరాలే. కేంబోర్న్ నుంచి కేంబ్రిడ్జికి ప్రతిపాదించిన బస్సుదారి కోటన్ అనే పల్లె పక్కన పాత పండ్లతోట మీదుగా పోతుందని అక్కడివాళ్లు గొడవకు దిగారు. వాళ్లకు తోట, నాకు ర్యాంపు. దుఃఖానికి దేశాలు లేవు.

మా పై అంతస్తు హాస్టలుకిచ్చాం. అందులో ఒక పిల్ల ఇదంతా విని, "అంకుల్, మీరు ఓడిపోయిన ఊళ్లనే లెక్కేస్తున్నారు" అంది. బ్రెజిల్‌లో కురిటిబా అనే నగరం 1974లోనే ఈ పని చేసిందట. కొలంబియాలో బొగోటా 2000లో మొదలుపెట్టిందట. అంత దూరం ఎందుకు, అహ్మదాబాద్‌లో 2009 నుంచి నడుస్తున్నదట. అంతటితో ఆగలేదు. అమెరికా నగరాల రవాణా అధికారుల సంఘం వేసిన లెక్క చెప్పింది. ఒక వరస రోడ్డు మీద సొంత బండ్లు పోతే గంటకు 600 నుంచి 1,600 మంది దాటుతారట. అదే వరసను బస్సులకే వదిలేస్తే 4,000 నుంచి 8,000 మందట. నాకు లెక్కలతో పేచీ లేదు. నా కారులో పోయేది నేనొక్కణ్ణే అయినా, మిగతా నాలుగు సీట్లు ఖాళీగా పోవడంలో ఒక పెద్దరికం ఉంది. దాన్ని గంటకు ఇంతమందని కొలవలేరు.

మా ఇంట్లో పని చేసే ఆవిడ రోజూ బోరబండ నుంచి బస్సులో వస్తుంది. ఆమె అభిప్రాయం నేనడగలేదు. అయినా చెప్పింది. 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు బస్సు ఉచితమయ్యాక చేతిలో జీరో టికెట్టు ఉంది, కాలు పెట్టడానికి చోటు లేదు. "టికెట్టు ఫ్రీగనే ఉన్నది సార్, రోడ్డే ఫ్రీగ లేదు. బస్సు మీ గల్లీ మలుపు కాడికి వచ్చి ఆగిపోతది. ముంగట ఎవరిదో కారు అడ్డముంటది" అంది. ఆ కారు ఎవరిదో ఆమె చెప్పలేదు. పనివాళ్లలో ఈ మర్యాద ఇంకా మిగిలి ఉన్నందుకు సంతోషించాను.

బస్సుల చరిత్ర కూడా తిరగేశాను. 1932లో నిజాం రైల్వే 27 బస్సులతో రవాణా మొదలుపెట్టినప్పుడు ఎవరైనా ప్రత్యేక దారి అడిగారా? లేదు. ఈ వాదన బలంగానే అనిపించింది. అప్పుడు రోడ్డు మీద కార్లు ఎన్నుండేవని హాస్టలు పిల్ల అడిగేదాకా.

ఇక ఉత్సవాల సంగతి. ఆషాఢంలో మంగళవారం నాడు ఎల్లమ్మ తల్లి కల్యాణం, మర్నాడు రథోత్సవం. గ్రీన్‌ల్యాండ్స్ నుంచి, సత్యం థియేటర్ నుంచి ఫతేనగర్ పోయే బండ్లను పోలీసులు ఎస్.ఆర్.నగర్ టీ జంక్షన్ దగ్గరే మళ్లిస్తారు. థియేటర్ పోయి 2023లో ఆ చోట అల్లు అర్జున్ మల్టీప్లెక్సు వచ్చినా మాకు అది సత్యం థియేటరే. కల్యాణం నాడు బస్సుదారిని ఏం చేస్తారు? అమ్మవారికి కంచె దాటే బాధ పెడతారా? ఇది భక్తులందరి తరపున అడుగుతున్నాను.

అయితే ఆ రోజుల్లోనే ఒక వింత కనిపిస్తుంది. ఆ మంగళవారానికి నా కారు పక్క గల్లీలోకి పోతుంది. కర్రీ పాయింటు టేబులు షట్టరు లోపలికి పోతుంది. ఎదుటి వైపు ఇసుక కుప్ప, ఇటుకలు, పాత ఫ్రిజ్జు, ఎవరిదో తెలియని ఆటో అన్నీ మాయమవుతాయి. వేల మంది బోనాలు ఎత్తుకుని నడిచి పోయినా ఇంకా చోటు మిగులుతుంది. అప్పుడు చూస్తే మా రోడ్డు ఇంత వెడల్పా అనిపిస్తుంది. ఈ సంగతి బస్సుదారి వాళ్ల చెవిన పడకుండా చూడాలని ఇరుగుపొరుగును కోరుతున్నాను. కొలతలకు వచ్చేవాళ్లు ఆషాఢం తప్ప ఏ నెలలో వచ్చినా అభ్యంతరం లేదు.

దారి వేయాల్సిందే అంటే పైనుంచి వేసుకోవచ్చు. కేపీహెచ్‌బీ మెట్రో స్టేషన్ నుంచి కోకాపేట దిక్కు స్తంభాల మీద బస్సుదారి వేస్తారని కొన్నేళ్ల కింద పేపర్లలో చదివాను. అన్ని విధాలా గాలిలో ఉండే దారి అదొక్కటే. దాన్ని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తున్నాను.

అదీ కాదంటే నా షరతులు ఇవి. దారి పక్క గల్లీ నుంచి పోవాలి, స్టాపు మాత్రం మా గేటుకు దగ్గరగా ఉండాలి. మా ఇంట్లో ఎవరైనా ఎక్కేటప్పుడు బస్సు ఆగాలి, మిగతా వేళల్లో హారను కొట్టకుండా పోవాలి. రాత్రి చివరి బస్సు పోయినాక పొద్దున మొదటి బస్సు వచ్చేదాకా దారి కారుకు వదిలేయాలి. రోడ్డు ఎత్తు పెంచితే మా ఇంటిని కూడా అంతే ఎత్తు లేపి ఇవ్వాలి. రోడ్డు దాటడానికి సిగ్నలు పెట్టి, పచ్చలైటు ముసలివాడు అవతలికి చేరేదాకా వెలిగేట్టు చూడాలి. ఈ చివరి షరతు ఒక్కదాని మీద నేను బేరానికి రాను.

ఈ పత్రం పూర్తి చేసి సంతకాలకు ఇల్లిల్లూ తిరగబోతే ఒక సంగతి బయటపడింది. గుడి దగ్గర ఇంకో కాగితం తిరుగుతున్నదట. బస్సుదారి వేసినా వేయకపోయినా ముందు రోడ్డు మీది కార్లు తీయించి బస్సుకు దారియ్యాలని అందులో ఉందట. హాస్టలు పిల్లలంతా దాని మీద సంతకాలు చేశారు. పనావిడ వేలిముద్ర కాదు, తెలుగులో గుండ్రంగా సంతకమే చేసింది. అందరికన్నా పైన ఉన్నది మా ఆవిడ సంతకం. ఎందుకు చేశావంటే, "మీరు కారులో ఎన్నడన్న నన్ను గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌కు తీసుకపోయిన్రా? నాకు బస్సే గతి" అంది.

కాబట్టి అయ్యా, మా ఇంటి ఓట్లు సమానంగా చీలినందున ఇంటి తరపున ఏ అభిప్రాయమూ లేనట్టే భావించి, పై అభ్యంతరాలను మా ర్యాంపు తరపున దాఖలైనట్టుగా స్వీకరించ ప్రార్థన.