ఆల్ ఇన్ వీరులకు జయహో!

పదిహేను వందల కోసం లక్ష ఒడ్డేవాణ్ణి ఊళ్ళో ఏమంటారో ఇక్కడ రాయనక్కర్లేదు. ఫోన్‌లో ఉత్తుత్తి చిప్స్‌తో ఆడే ఉచిత పోకర్ బల్ల మీద మాత్రం అతన్ని అగ్రెసివ్ ప్లేయర్ అంటారు.

లెక్క చూడండి. టెక్సాస్ హోల్డెమ్‌లో ఒక్కొక్కరికి రెండేసి ముక్కలు పంచుతారు. ఫ్లాప్ పేరుతో బల్ల మధ్యలో మూడు ముక్కలు తెరవకముందే ఒక విడత పందెం నడుస్తుంది. ముక్కలు చూడకముందే ఇద్దరు తప్పనిసరిగా పెట్టే స్మాల్ బ్లైండ్ 500, బిగ్ బ్లైండ్ 1,000 అయితే అప్పటికి మధ్యలో ఉన్నది 1,500. మంచి ముక్కలు పడ్డవాడు పందేన్ని రెండున్నర వేలకో, మూడు వేలకో పెంచుతాడు. పెంచడమంటే బెదిరింపు: సత్తా ఉంటే రా, లేకపోతే ముక్కలు పడేసి పో అని. మన వీరుడికి ఇస్పేటు ఎనిమిది, కళావరు మూడు పడతాయి. వెంటనే ఆల్ ఇన్ అంటూ తన ముందున్న లక్ష చిప్సూ మధ్యలోకి తోసేస్తాడు. జూదంలో ధర్మరాజుకైనా ఒక వరస ఉంది: ముందు సొత్తు, తర్వాత రాజ్యం, ఆ తర్వాతే తమ్ముళ్ళు. ఈయన మొదటి పందెంలోనే ద్రౌపది దాకా వెళ్ళిపోతాడు.

సరే, బెదిరించాడు. బెదిరేదెవరు? ఎడమ పక్కవాడు రాణి, నాలుగు పట్టుకుని తనూ లక్ష పెట్టి కాల్ కొడతాడు. అవతలివాడు తనవి రెండూ ఆటీన్లే కదా అని కాల్. ఇంకొకడివి ఏడు, రెండు; హోల్డెమ్‌లో ఇంతకన్నా పనికిమాలిన ముక్కలు లేవని ఆట తెలిసినవాళ్ళంతా చెబుతారు. ఆయనకి తెలియదు కాబట్టి ఆయనా కాల్. బల్ల మీద ఐదు ముక్కలూ తెరుచుకునేసరికి ఏడుకి ఏడు, రెండుకి రెండు కలుస్తాయి. నాలుగు లక్షలు ఆయనవి. ఓడినవాళ్ళు టమాటా బొమ్మలు విసురుతారు. మరుక్షణం అందరి ముందూ మళ్ళీ చిప్స్ కుప్పలు.

మన మూడుముక్కలాటలో ముక్కలు చూడకుండా బ్లైండ్ ఆడేవాడికి సగం పందెం రాయితీ ఉంది. ఇక్కడ ముక్కలు చూసి మరీ గుడ్డిగా ఆడతారు. రాయితీ నూటికి నూరు.

దీనికి ధైర్యమని పేరు. పోయేదేమీ లేనివాడి దూకుడు ధైర్యమెలా అవుతుంది? అత్త సొమ్ము దానం చేసిన అల్లుడు కర్ణుడైపోతాడా?

పైగా ప్రతి వీరుడూ తానే రెండో మనీమేకర్‌నని అనుకుంటాడు. క్రిస్ మనీమేకర్ అప్పట్లో అమెరికాలో ఒక అకౌంటెంట్. ఆన్‌లైన్‌లో చిన్న ఫీజు కట్టి మొదలుపెట్టి, 2003లో వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ మెయిన్ ఈవెంట్ గెలిచి, 25 లక్షల డాలర్లు పట్టుకెళ్ళాడు. చివరి పోరులో సామీ ఫర్హా మీద అతను కొట్టిన బ్లఫ్ గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. ఫర్హాకి పోగొట్టుకోవడానికి ఏదో ఉంది కాబట్టే గెలిచే ముక్కలు పడేశాడు. అదే బ్లఫ్ ఉచిత బల్ల మీద కొట్టి చూడండి. ఎదుటివాడు టీ తాగుతూ కాల్ నొక్కి, బిస్కెట్ కోసం వెతుక్కుంటాడు.

ఇదే బల్లకి ఒక మూల పండితుడుంటాడు. ఆసుల జత కోసం కాచుకుని కూర్చుంటాడు. అది సగటున 221 పంపకాలకు ఒకసారి పడుతుంది. పడగానే శాస్త్రోక్తంగా మూడు వేలకి పెంచుతాడు. ఎనిమిది మందీ తలా లక్షతో ఎగబడతారు. ఒక్కడితో తలపడితే నూటికి 85 సార్లు గెలిచే ఆసులు, ఏ ముక్కలైనా సరేనని వచ్చిన ఎనిమిది మంది మీద 35 సార్లే నిలుస్తాయి. ఓడిన పండితుడు శోకాలు మొదలుపెడతాడు: “నా రైజ్‌కి విలువే లేదు, వీళ్ళకి ఆటే రాదు!” అయ్యా, మూడింట ఒక్కసారి గెలిచినా వచ్చేది తొమ్మిది లక్షలు, తమరు పెట్టింది లక్ష. ఇంతకన్నా లాభసాటి బేరం తమరి శాస్త్రంలో ఎక్కడుంది? జడిసేవాడు లేనిచోట బ్లఫ్ మానేసి, మంచి ముక్కలకే గట్టిగా పెంచాలని ఆ శాస్త్రమే చెబుతోంది. కానీ ఓపిక ఉండొద్దూ! నాలుగు రోజులు తిరక్కుండానే పండితుడూ ఎనిమిది, మూడుతో ఆల్ ఇన్ కొడుతూ కనిపిస్తాడు.

తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ పందేలను నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. డబ్బుల బల్లలు ఎత్తేశాక చేతి దురద తీరనివాళ్ళకి మిగిలింది ఉచిత బల్ల. అక్కడ గెలిచిన కోటి చిప్స్‌కి బయట కిళ్ళీ కూడా రాదు. చిప్స్ రూపాయలుగా మారవు గానీ, రూపాయలు మాత్రం చిప్స్‌గా ఇట్టే మారతాయి. రోజువారీ బోనస్ రెండు ఆల్ ఇన్‌లకి ఆవిరైపోగానే తెర మీద ఆఫర్ల దుకాణం తెరుచుకుంటుంది. నిదానంగా ఆడేవాడు ఆ దుకాణానికి శనిగ్రహం, ఆల్ ఇన్ వీరుడు లక్ష్మీకటాక్షం. నిజానికి ఆ బల్ల దగ్గర అసలు డబ్బు గెలిచేది కంపెనీ ఒక్కటే. అది మాత్రం ఎన్నడూ ఆల్ ఇన్ కొట్టదు.

కాబట్టి వీరుడా, నీ మగతనానికి ఒక చిన్న పరీక్ష. ఈసారి ఎనిమిది, మూడు పడితే ఫోల్డ్ నొక్కి ముక్కలు పడెయ్. మిగతావాళ్ళు కొట్టుకుంటుంటే చేతులు కట్టుకుని చూడు. అలా వరసగా పది పంపకాలు కూర్చోగలిగితే నీది ధైర్యమేనని ఒప్పుకుంటాం. ఆ ఓపికకి రోజువారీ బోనస్ రాదు, దుకాణంలో ఆఫరూ ఉండదు. అది జనానికి అబ్బిన రోజు ఆ దుకాణమే ఉండదు.