పసుపు జిల్లాకు ఎల్లో అలర్ట్

నిజామాబాద్ జిల్లాలో అక్కడక్కడా ఉరుములు, మెరుపులు, ఈదురుగాలులు, వడగళ్లు... మార్చి వస్తే చాలు, వాతావరణ శాఖ ఎల్లో అలర్ట్ ఇచ్చేస్తుంది.

‘అక్కడక్కడా’ అంటే ఎక్కడని అడక్కండి. కల్లం ఎక్కడుంటే అక్కడే.

ఉడకబెట్టి ఆరబోసిన పసుపు పక్కన నిలబడి రైతు ఫోన్‌లో అలర్ట్ చూశాడు. రెండూ ఒకే రంగు.

శాఖవారి లెక్కలో ఎల్లో అంటే ‘గమనిస్తూ ఉండండి’. గమనిస్తూనే ఉన్నాడు... టార్పాలిన్ ధరను.

జాతీయ పసుపు బోర్డు 2025 జనవరిలో రానే వచ్చింది. ప్రధాన కార్యాలయం కూడా నిజామాబాద్‌లోనే. కార్యాలయానికి పైకప్పు ఉంది. కల్లంలో పసుపుకే లేదు.

పట్నంలో పొద్దున స్వెట్టర్, మధ్యాహ్నం కూలర్, సాయంత్రం గొడుగు. కూలర్‌కు కొత్త గడ్డి పెట్టించిన పెద్దమనిషి దాని పక్కనే రగ్గు కప్పుకొని కూర్చున్నాడు. చెరకు రసం బండి దగ్గర ఈగ కూడా లేదు. ఓనరేడీ అంటే, ఎదురుగా చాయ్ బండి దగ్గర రెండో కప్పు చెబుతున్నాడు!

ఇక బోధన్. శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. ‘త్వరలో తెరుచుకునే సూచనలు’ మాత్రం ప్రతి ఎన్నికల సీజన్‌లోనూ బలంగానే కనిపిస్తాయి. ఉరుములు భారీగా, అక్కడక్కడా చప్పట్లు. చినుకు లేదు.

వాన రాకుంటే వాతావరణ శాఖ మర్నాడు అంచనా మార్చేస్తుంది. ఇక్కడ అంచనా అదే. చెప్పే పార్టీ మారుతుంది.