మాట మీద కౌలు

మా మేనల్లుడికి డెంటన్‌లో సీటొచ్చింది. టెక్సాస్‌లో, డల్లాస్‌కి ఉత్తరాన ఉంటుందా ఊరు. యూనివర్సిటీ నుంచి ఐ-20 పత్రం వచ్చిన రోజు పటమటలో మా అక్క పులిహోర చేసింది. వీసా స్టాంపు పడిన రోజు బావగారు వీధంతా స్వీట్లు పంచారు. వాడు అక్కడ ఎక్కడుండాలన్న మాట ఎత్తిన రోజు మాత్రం పంచాయితీ మొదలై పదకొండు రోజులు నడిచింది.

వాడు అడిగింది పెద్ద కోరికేమీ కాదు. మొదటి ఏడాది యూనివర్సిటీ వాళ్ల డార్మ్‌లోనే ఉంటానన్నాడు. క్లాసుకి నడిచి వెళ్లొచ్చు, మంచం, బల్ల వాళ్లే ఇస్తారు, తిండికి మెస్సుంది. పక్క మంచం మీద ఎవరుంటారని అక్క అడిగింది. వాళ్లు ఎవర్నిస్తే వాళ్లేనన్నాడు. కొరియా వాడు కావచ్చు, నైజీరియా వాడు కావచ్చు. అక్క చేతిలో గరిటె గాల్లోనే ఆగిపోయింది.

"ముక్కూ మొహం తెలియనివాడి పక్కన పడుకోడానికా నాయనా, నిన్నంత దూరం పంపేది?"

ఇదే అక్క, వీడికి పదిహేనో ఏడు రాగానే ఊరి చివర ఇంటర్ హాస్టల్లో దింపి వచ్చింది. గదికి ఎనిమిదిమంది. ఇనప్పెట్టె, బకెట్టు, మగ్గు చేతికిచ్చి గేటు దగ్గరే కళ్లు తుడుచుకుని తిరిగొచ్చింది. ఆ ఎనిమిదిమందీ ఎవరో, స్నానాల గది దగ్గర వరస ఎంత పొడవుండేదో రెండేళ్లలో మాలో ఒక్కరం అడగలేదు. మార్కులు మాత్రం ఆదివారం ఆదివారం అడిగాం. అన్యాయం చెప్పకూడదు, నేనూ అడిగాను.

డార్మ్ అలా మొదటిరోజే కొట్టుకుపోయింది. మిగిలింది 'మనవాళ్లు' ఉన్న ఇల్లు.

ప్రపంచంలో ఒక్కొక్కరు ఒక్కోలా, వంశం పేరనో తండ్రి పేరనో చెప్పుకుంటారు. మనం ఇంటిపేరంటాం. అందుకే కాబోలు, ఇల్లు వెతకరా అంటే మనకి ఇంటిపేరు వెతకడమే వచ్చు. బావగారు ఫోను పట్టుకుని బాల్కనీలోకి వెళ్లారు. కంకిపాడాయన తోడల్లుడి కొడుకు డల్లాస్‌లో ఉన్నాడు. వాడి క్లాస్‌మేటు తమ్ముడు డెంటన్‌లో ఉన్నాడు. ఆ తమ్ముడుండే అపార్ట్‌మెంటు ఎన్నో అంతస్తు, బస్సు ఎంత దూరం, పొయ్యి గ్యాసుదా కరెంటుదా, ఇవేవీ బావగారికి పట్టలేదు. ఇంటిపేరడిగారు. అటు జవాబు రాగానే ఇటు మొహం విచ్చుకుంది. "అయితే మనవాళ్లే!" అన్నారు. అక్క వంతు వచ్చేసరికి మిగిలిన ప్రశ్న ఒక్కటే: ఫ్రిస్కోలో ఉన్న కార్యసిద్ధి హనుమాన్ గుడికి శనివారం శనివారం వెళ్లొచ్చా? కారుంటే వెళ్లొచ్చన్నారు. మరి కారెవరికుంది అని ఎవరూ అడగలేదు.

మనవాళ్లంతా ఒక్కచోటే ఉండాలన్న ఈ కోరిక ఒకసారి అమెరికాలో పూర్తిగా తీరింది, కాగితం మీద. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ప్లెజంటన్‌లో ట్రై వ్యాలీ యూనివర్సిటీ మీద అక్కడి అధికారులు దాడి చేశారు. పేర్లు నమోదైన విద్యార్థులు పదిహేను వందల పైచిలుకు. నూటికి తొంభైమందికి పైగా మన దేశం పిల్లలు, అందులో ఎక్కువమంది అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వాళ్లు. దర్యాప్తు చేసినవాళ్లు రికార్డులు తిరగేస్తే ఒక దశలో సగానికి పైగా విద్యార్థుల నివాసం ఒకటే చిరునామా: సన్నీవేల్‌లో ఓ అపార్ట్‌మెంటు. మా అక్క కలలో కూడా ఇంత సందడి ఉండదు. నిజానికి పిల్లలు వేరే వేరే రాష్ట్రాల్లో పనులు చేసుకుంటున్నారు. యూనివర్సిటీ నడిపినావిడకి వీసా మోసం కేసులో 2014లో పదహారేళ్లకి పైగా జైలు పడింది. కొందరు పిల్లల కాళ్లకి రేడియో ట్యాగులు పడ్డాయి. నాలుగు రోజులు టీవీల్లో అదే చూశాం. ఐదో రోజు కన్సల్టెన్సీల్లో కుర్చీలు మళ్లీ నిండాయి.

ఇక పెద్దాయన. బావగారి తండ్రి. అరవైల్లో బందరు హిందూ కాలేజీలో చదివారు. ఆయన రోజుల్లో గది ఎంచుకోడానికి ఒక్కటే లెక్క: ఊరి బస్సు ఆగే చోటికి దగ్గరా, కాదా. పామర్రు పక్క పల్లెలో వాళ్లమ్మగారు తెల్లారకుండానే వండి, నాలుగు గిన్నెల క్యారేజీ కట్టి, పైన గుడ్డ ముడేసి డ్రైవరు చేతికిచ్చేవారు. ఇటు బస్టాండులో వేళకి నిలబడకపోతే పప్పూ వంకాయకూరా అవనిగడ్డ దాకా వెళ్లిపోయేవి. అంతకు ముందు తరంలో బందరులో వారాలు చెప్పుకుని చదివినవాళ్లున్నారు. సోమవారం ఒకింట, మంగళవారం ఇంకొకింట భోజనం. ఆ అరుగుల మీదా మొదటి ప్రశ్న ఇంటిపేరు, రెండోది గోత్రం. బావగారు కొత్తగా కనిపెట్టిందేమీ లేదు.

పెద్దాయన ఖర్చు సంగతి తేల్చారు. గోడ మీద వెంకట్రామా క్యాలెండరు దింపి, పాల లెక్క పక్కన పెన్సిలు పెట్టారు. హాల్లో స్పాట్‌కి నెలకి 350 డాలర్లు. స్పాట్ అంటే గది కాదు, హాల్లో పరుపు పట్టేంత చోటు. డాలరు తొంభై వేసుకున్నారు. ఆ ఏటి ధాన్యం మద్దతు ధర క్వింటాలు 2,369, బస్తా 75 కిలోలు. వెరసి నెలకి పద్దెనిమిది బస్తాలకి కాస్త తక్కువ. "ఎకరం పండితే ముప్ఫై, ముప్ఫై ఐదు. రెండు నెలలు పడుకుంటే ఎకరం చెల్లు" అని క్యాలెండరు మళ్లీ మేకుకి తగిలించారు. బాగా పడుకొమ్మని మనవడికి చెప్పారు కూడా.

ఆయనకి అర్థం కానిది లీజన్న మాట ఒక్కటే. కౌలు తాతయ్యా అన్నాడు మేనల్లుడు. అంతే, పెద్దాయన కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. కౌలు సంగతి ఆయనకి చెప్పాలా?

"మరి నీ పేరు మీదుంటుందా కౌలు?"

"కాదు. లోపల బెడ్‌రూమ్‌లో ఉండేవాళ్ల పేరు మీద. మేం వాళ్లకిస్తాం."

"అంటే కౌలుకి కౌలు. ఓనరు ఊరుకుంటాడా?"

"ఆఫీసు వాళ్లకి తెలీదు. వాళ్లొస్తే పరుపులు చుట్టి కారు డిక్కీలో పెట్టేస్తారట."

"కాగితం?"

"ఏం లేదు తాతయ్యా. మాట మీదే. మనవాళ్లే కదా!"

పెద్దాయన తృప్తిగా వెనక్కి వాలారు. మాట ముందు కాగితమెంత అన్నారు. పామర్రు దగ్గర ఆయన ఐదెకరాలూ పన్నెండేళ్లుగా ఒకే మనిషి చేస్తున్నాడు, మాట మీదే. 2019లో రాష్ట్రం పంట సాగుదారు హక్కుల చట్టం తెచ్చింది. ఆసామి ఒప్పుకుని సంతకం పెడితే కౌలుదారుకి కార్డొస్తుంది. పదకొండు నెలలకే చెల్లుతుంది, భూమి మీద హక్కేమీ రాదు. ఆ కార్డుంటే బ్యాంకు అప్పుకీ, పంట బీమాకీ, పంట మునిగితే పరిహారానికీ దారుంటుంది. ప్రతి సార్వాకీ ఆ మనిషి మడతపెట్టిన కాగితం జేబులో పెట్టుకుని పటమట వస్తాడు. "మన మధ్య కాగితాలేంట్రా" అని పెద్దాయన కాఫీ ఇప్పించి పంపేస్తారు. కాఫీకి లోటుండదు.

ఆగస్టులో మావాడు వెళ్లాడు. హాల్లో నలుగురు. గన్నవరం, గుడివాడ, తెనాలి, మావాడు. వీడియోలో చూపించాడు, కార్పెట్ మీద నాలుగు పరుపులు, గోడ వారగా నాలుగు సూట్‌కేసులు. "ఎంత విశాలంగా ఉందో!" అంది అక్క. వాడి ఇంటర్ హాస్టల్ గది ఆవిడ చూసి ఉంటే అచ్చం అలాగే ఉందనేది.

సెప్టెంబరులో ఆవకాయ, గోంగూర, కందిపొడి, సున్నుండలు కలిపి పది కిలోల డబ్బా తయారైంది. ఇప్పటి క్యారేజీ బస్సెక్కదు, కొరియరెక్కుతుంది. డబ్బా మీద పేరు రాయడం పెద్దాయన హక్కు. మార్కరు తీసుకుని మనవడి పేరు సగం రాశారో లేదో ఫోన్లోంచి కేక: "తాతయ్యా, నా పేరొద్దు!" పార్సిళ్లు అపార్ట్‌మెంటు ఆఫీసులో దిగుతాయట. లీజులో పేరున్నవాడికే ఇస్తారట. లెక్క ప్రకారం మావాడు ఆ ఇంట్లో లేడు.

"సరే, ఎవరి పేరు రాయాలి?"

లీజు ఓ నేపాలీ కుర్రాడి పేరు మీదుంది. మనవాళ్లెవరో బావగారు వాకబు చేసింది హాలు వరకే. బెడ్‌రూమ్ దాకా ఎవరూ వెళ్లలేదు.

పెద్దాయన ఆ ఇంటిపేరు రెండుసార్లు చెప్పించుకున్నారు. అక్షరం అక్షరం పలుకుతూ, వణికే చేత్తో డబ్బా మీద పెద్దగా రాశారు. కింద గీత కూడా గీశారు.

ఆవేళ కౌలుదారు వచ్చి ఉన్నాడు. గుమ్మం పక్కన స్టూలు మీద కూర్చుని అంతా చూస్తున్నాడు. జేబులోంచి మడత కాగితం తీసి మోకాలి మీద సాపు చేశాడు.

"పెన్నెలాగూ చేతిలో ఉంది కదండీ..."

పెద్దాయన మార్కరుకి మూత బిగించి, అతనికి కాఫీ తెమ్మని లోపలికి కేకేశారు.